ఎవరూ ఆర్డర్ పెట్టని చీర

సముద్రం మీద వచ్చిన బట్టకు ఒక వాసన ఉంటుంది. విమానంలో వచ్చినదానికి ఆ వాసన ఉండదు. ఇనప డబ్బాలో కూర్చుని వారాల తరబడి వస్తుంది కదా, అట్టపెట్టె వాసన, తుప్పు వాసన, వాటి అడుగున ఎవరో తడి చేత్తో ముట్టి వదిలేసినట్టు చల్లటి వాసన ఇంకొకటి. పగటి ఎండకు కంటైనర్ కాగుతుంది, రాత్రికి చల్లబడుతుంది. లోపల పైకప్పుకు మనిషికి పట్టినట్టే చెమట పట్టి, బొట్లు బొట్లుగా కిందికి కారుతుంది. అందుకని పెట్టెల్లో తేమ పీల్చే పొట్లాలు వేస్తారు. అయినా ఒకటో రెండో చీరలు మెత్తబడి వస్తాయి. వాటిని విప్పి గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టడం నా పని. మడత మార్చకపోతే జరీ మడతలోనే విరుగుతుంది.

ఆక్లాండ్ శివార్లలో, టకానినిలో మా కూతురి ఇంటి గరాజే మా కొట్టు. కారు బయట వానలో ఉంటుంది, చీరలు లోపల ఉంటాయి. పెళ్లిళ్ల రోజుల్లో నగరం అవతలి కొసన ఉన్న హాబ్సన్‌విల్ నుంచి కూడా మోటార్‌వే మీద డ్రైవ్ చేసుకుని వచ్చి కొంటారు. హైదరాబాద్‌లో గోదాము ఉన్న వ్యాపారి ఒకాయన మాకు సరుకు పంపుతాడు. మా సరుకుకు కంటైనర్ నిండదు కాబట్టి ఇంకెవరెవరి సామాన్లతోనో కలిసి వస్తుంది. మధ్యలో ఎక్కడో ఓడ మారుతుంది. ఆక్లాండ్‌లో దిగాక, విత్తనాలూ పురుగులూ రాకుండా చూసే ఆఫీసువాళ్లు చూస్తారు. ఆ తర్వాత మా గుమ్మం ముందు దించుతారు.

ఇక్కడికి రాకముందు జనగామ దగ్గర మా ఊళ్లో చీరలకు ఫాల్ కుట్టి పిల్లల్ని పెంచాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. చుట్టూ తిప్పి రాయడం ఇప్పటికీ రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట వచ్చింది వోణీ. పట్టుచీరల పెట్టె మధ్యలో, రెండు చీరల నడుమ, కవరు లేకుండా ఉంది. మేం వోణీలు తెప్పించం. ముదురు ఎరుపు రంగు, బాగా వాడింది. భుజం మీదికి వచ్చేచోట పిన్ను గుచ్చిన చిల్లులు గుంపుగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సముద్రం వాసన లేదు. కొబ్బరినూనె, పౌడరు. అప్పుడే భుజం మీంచి తీసి మడిచినట్టు ఉంది.

కూతురికి చూపిస్తే ప్యాకింగ్ ఆడవాళ్లలో ఎవరిదో పొరపాటున పడి ఉంటుందంది. కిటికీ అద్దాలు తుడవడానికి పనికొస్తుందంది. నేను తుడవలేదు. పై అరలో పెట్టాను. ఎందుకు పెట్టావంటే చెప్పలేను, పారేయబుద్ధి కాలేదు, అంతే.

మా వెనక వీధిలో ఒక పిల్ల ఉంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లు, మొగుడూ పెళ్లాం ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ముందటేడు కడుపు వచ్చి నాలుగో నెలలో పోయింది. ఈసారి మళ్లీ నిలిచింది. తల్లి కాన్పు సమయానికి వచ్చేటట్టు టికెట్టు పెట్టుకున్నారు, ఈలోగా ఆ ఇంట్లో పెద్దదిక్కు లేదు. అందుకని నేను రోజూ పప్పో చారో పట్టుకెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. ఈ బిడ్డ నిలవాలి. ఆ ఇంట్లో ఇంక వేరే ఆలోచన లేదు. ఆమె బాత్రూమ్ నుంచి బయటికి వస్తే చాలు, మొగుడు లాప్‌టాప్ వదిలేసి ఆమె మొహంలోకి చూసేవాడు. ఏం లేదని తల ఊపితే మళ్లీ పనిలో పడేవాడు. ఇంట్లో గట్టిగా తలుపు వేసేవాళ్లు కాదు.

ఆ పిల్ల మా గరాజ్‌కి వచ్చిన రోజునే తర్వాతి సరుకు విప్పాం. ఈసారి పెట్టె మధ్యలోంచి ఒక నూలు చీర బయటపడింది. ఆకుపచ్చ రంగు, పసుపు అంచు. కొత్త సరుకు నడుమ అది ఎట్లా కనబడిందంటే, కొత్త ఇటుకల్లో ఎవరో పాత ఇటుక పెట్టినట్టు. రవికె గుడ్డ కత్తిరించి తీశారు. చేత్తో ఫాల్ కుట్టారు. మొదటిసారి కట్టుకునేటప్పుడు మూలకు పెట్టే పసుపు బొట్టు ఉతికి ఉతికి మరకలా మిగిలింది. మడత కొట్టు మడత కాదు, ఇంట్లో బీరువాలో పెట్టుకునే మడత, కొంగు లోపలికి ఉంచి. మళ్లీ అదే కొబ్బరినూనె వాసన.

ఆ పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. ఎంత మెత్తగా ఉందో అంది. ప్యాంట్లు నడుముకు కోసుకుపోతున్నాయట, ఇంట్లో ఇది కట్టుకుంటానంది. మా కూతురు తీసుకెళ్లమంది, అమ్మే సరుకు కాదు కదా, ఊరికే తీసుకెళ్లమంది.

నేను వద్దన్నాను. మా వైపు కడుపుతో ఉన్నదానికి పరాయి మనిషి విడిచిన బట్ట కట్టనివ్వరు. ఆ మనిషి ఉందో పోయిందో కూడా తెలియకపోతే అసలే కట్టనివ్వరు.

"అమ్మా, ఇక్కడ పాతబట్టలమ్మే ఆప్ షాపుల్లో అందరూ వాడినవే కొనుక్కుంటారు. పైగా ఇది ఉతికింది" అంది మా కూతురు.

"ఎవరిదో తెల్వది."

"ఎవరో ఒకావిడది. నువ్వు చూడు, ఎంత ముద్దుగా ఉందో తనకి."

అప్పటికే ఆ పిల్ల చుడీదార్ మీదనే చీర చుట్టుకుంటోంది. చుట్టుకుంటూ ఆగిపోయి నవ్వింది.

"అమ్మమ్మగారూ, నాకసలు చీర కట్టుకోవడం రాదండి, ఎప్పుడూ మా అమ్మే కట్టేది. ఇదేంటండీ, దానంతటదే వస్తోంది."

దగ్గరికి వెళ్లి చూశాను. ఆమె కుచ్చిళ్లు పెట్టడం లేదు. పాత కుచ్చిళ్ల గాట్లు బట్టలో ఉండిపోయాయి, ఆమె వేళ్లు తగలగానే అవి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చాలాకాలం ఒకే మనిషి కట్టిన నూలు చీర అట్లా అవుతుంది, నేను అలాంటివి చూశాను. కానీ కట్టుకున్న మనిషి ఎదురుగా ఉండగా చూశాను. ఇక్కడ కట్టుకున్న మనిషి లేదు, కట్టు మాత్రం వచ్చింది.

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఇంట్లో ఎప్పుడూ అదే కట్టుకునేది. నేను వెళ్లేసరికి ఒక్కోసారి కిటికీ వైపు తిరిగి నిలబడి ఉండేది. వెనక నుంచి చూస్తే ఈ పిల్లేనా అని క్షణం ఆగేదాన్ని. కొంగు బాగా పైకి, భుజం మీద బిగించి పిన్ను పెట్టుకునేది. ఎవరు నేర్పారంటే, చిల్లులు అక్కడే ఉన్నాయి కదండీ అంది.

ఆరో నెల దాటాక ఒకసారి ఆ చీర మా ఇంటికి తెచ్చింది. ఫాల్ ఊడింది, కుట్టిపెట్టమంది. కిటికీ దగ్గర కూర్చుని తిరగేశాను. ఫాల్ అంతా బాగానే ఉంది. ఎడమ మడమ తగిలేచోట జానెడు మేర మాత్రం అరిగి పీచయిపోయింది. ఈ పిల్ల కట్టి అరగదీసింది కాదది. పీచు కింద తెల్ల దారంతో వేసిన అతుకు, దాని కింద ఇంకా పాత అతుకు, ఆ దారం నల్లగా ఉంది. ఎవరో ఎన్నేళ్లుగానో అదే చోట ఈడ్చి ఈడ్చి నడిచారు, ఎవరో కుట్టి కుట్టి పెట్టారు. ఆ కుట్టు చేతిని కూడా నేను గుర్తుపట్టగలిగినట్టు అనిపించింది, ప్రతి అంగుళానికీ ఒక ముడి వేసే చెయ్యి.

కుట్టి ఇచ్చాను. ఆ పిల్ల థాంక్సండీ అని చెప్పి బయటికి నడిచింది. మా డ్రైవ్‌వే కొంచెం వాలుగా ఉంటుంది. దిగుతుంటే చూశాను. ఎడమ కాలు ఈడుస్తోంది.

పిలిచి అడిగితే, వారం నుంచి నడుము దగ్గర నరం పట్టేసిందండీ, కాల్లోకి లాగుతోంది అంది. మిడ్‌వైఫ్ చూసిందట, కడుపు బరువుకు నరం నొక్కుకుంటుంది, చాలామందికి వస్తుంది, కాన్పయ్యాక పోతుంది అని చెప్పిందట. నాకూ తెలుసు వస్తుందని. నా మొదటి కాన్పుకు నాకూ వచ్చింది. కుడికాలుకు వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఇంట్లో ఈ సంగతి చెప్పాను. ఆ చీర వెనక్కి తీసుకోవాలి, ఎవరిదో కనుక్కోవాలి అన్నాను. మా అల్లుడు మంచివాడే కానీ నోరు ఊరుకోదు.

"అత్తయ్యా, దయ్యమైతే ఎయిర్‌లో వచ్చేది కదా. ఇన్ని వారాలు సీ ఫ్రైట్‌లో కూర్చుని వచ్చిందంటే మనలాంటి మిడిల్ క్లాస్ దయ్యమే, ఏం చెయ్యదు" అన్నాడు.

కూతురు నవ్వింది. నేను నవ్వలేదని చూసి ఆపేసింది. నవ్వే సంగతి కాదని చెప్పాను. ఆ పిల్లకు ఇప్పటికే ఒకసారి పోయింది. మళ్లీ ఏదన్నా అయితే, చీర వల్ల కాదని మీరు నాకు చెప్పగలరేమో, ఆ పిల్లకు చెప్పలేరు అన్నాను. 

అయినా వ్యాపారికి ఫోన్ చేయడానికి కూతురు ఇష్టపడలేదు. అదనంగా వచ్చిందని ఎవరైనా గొడవ పెడతారా, పోతే పెడతారు గానీ అంది. చేయక తప్పని పరిస్థితి మూడో సరుకుతో వచ్చింది.

మూడో సరుకును ఆక్లాండ్‌లో ఆపేశారు. పెట్టెలో ధాన్యం ఉందని తనిఖీ ఆఫీసు నుంచి మెయిల్, దానితో ఫొటో. తెల్ల కాగితం మీద పరిచిన బియ్యం గింజలు, పసుపు రంగువి. చీరల పెట్టెలోకి బియ్యం ఎట్లా వచ్చిందో రాసి పంపమన్నారు. మా కూతురు తలపట్టుకుంది. పప్పు తీసుకెళ్లడానికి వచ్చిన ఆ పిల్ల ఫోన్‌లో ఫొటో చూసి మామూలుగా అంది, "తలంబ్రాలు కదండీ."

అవును, తలంబ్రాలే. ఒక పెళ్లిచీర, దులపకుండా మడిచింది. మన ఇళ్లలో అది దులపరు కూడా, గింజ మిగిలితే మంచిదంటారు. వాళ్లు శుభ్రం చేసి వదిలాక పెట్టె ఇంటికొచ్చింది. పట్టుచీర, కనకాంబరం రంగు, ఖరీదైనది కాదు. ఎడమ మడమ దగ్గర అరిగింది. ఎక్కువ కాదు, ఒక్కరోజు నడిచినంత.

గరాజ్‌లో బల్ల మీద వోణీ, పెళ్లిచీర పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. వోణీకీ పెళ్లిచీరకూ మధ్య రావలసింది ఆ పిల్ల ఒంటి మీద ఉంది. ఎవరో వరసలో పంపుతున్నారు. మా గరాజ్‌లో ఒక ఆడపిల్ల పెరుగుతోంది. పెద్దమనిషయింది, నూలు చీరలు కట్టింది, పెళ్లయింది. పెళ్లిచీర తర్వాత వచ్చేది ఏ చీర? అది తట్టగానే లేచి తలుపు పూర్తిగా పైకెత్తాను. బయట పొడి ఎండ ఉంది, రైలు వెళుతున్న చప్పుడు. అయినా లోపల కూర్చోలేకపోయాను.

వ్యాపారి వీడియో కాల్‌లో మండిపడ్డాడు. తన సరుకులో పాత బట్టలు ఉండే మాటే లేదన్నాడు, దారిలో ఎవరో పెట్టి ఉంటారన్నాడు. కావాలంటే చూసుకోండని ఫోన్ తిప్పి గోదాము చూపించాడు. ఆడవాళ్లు నేల మీద వరసగా కూర్చుని చీరలు మడుస్తున్నారు. ఎవరమ్మా ఇక్కడ సొంత చీరలు ఫారిన్‌కి ఎక్స్‌పోర్ట్ చేసేది అని ఆయన గట్టిగా అడిగాడు. అందరూ పనులాపి కెమెరా వైపు చూసి నవ్వారు. గోడవైపు కూర్చున్న ఒకామె నవ్వలేదు, తలెత్తలేదు. మడుస్తున్న చీర మడుస్తూనే ఉంది. నేను ఏమీ అనలేదు. వ్యాపారి ముందు అంటే ఆమె పని పోతుంది.

మా ఫోన్ నంబర్ ప్రతి పెట్టె మీదా రాసి ఉంటుంది. నాలుగైదు రోజుల తర్వాత, మాకు మధ్యాహ్నం, వాళ్లకు పొద్దున, ఫోన్ మోగింది. కూతురు చీరలు ఇవ్వడానికి వెళుతూ ఫోన్ ఇంట్లో మరిచిపోయింది. నేను తీశాను.

"అక్కా, డబ్బాలు విప్పేది నువ్వేనా?"

నేనే అన్నాను.

"పారేసిండ్రా?"

పారేయలేదని, నా దగ్గరే ఉన్నాయని చెప్పాను. ఎవరివని అడిగాను. నా బిడ్డవి అంది. ఉన్నదా అంటే, లేదక్కా అంది. ఏడవలేదు. ఆ తర్వాత తనే చెప్పుకుపోయింది. బిడ్డ పోయాక బట్టలు ఇంట్లో ఉంచొద్దన్నారట, చాకలామెకు ఇచ్చెయ్యమన్నారట. చాకలామె కోడలు తమ వాడలోనే ఉంటుంది. ఇస్తే ఆ కోడలు కట్టుకుంటుంది, పొద్దున లేస్తే ఇంటి ముందరి నుంచే నీళ్లకు పోతుంది.

"దాని చీర నా కండ్ల ముందట ఇంకొకతె మీద నడుస్తుంటే నేను బతకనక్కా. కాలబెడదామంటే చెయ్యి రాలే. సముద్రం దాటితే ఎవరు కట్టినా నాకు కనబడదు గదా. తెల్లోళ్లు కిటికీలకు కట్టుకుంటరనుకున్న."

ఆమె సముద్రం చూడలేదట. డబ్బాలు ఓడ ఎక్కుతాయని మాత్రం తెలుసు. దూరం పోయే సరుకు ఏదని అడిగితే మా పెట్టెలు చూపించారట.

నాకు చుట్టూ తిప్పడం రాదని చెప్పాను కదా. ఉన్నది ఉన్నట్టు అనేశాను. "తెల్లోళ్లు కాదు. పచ్చ చీర మన పిల్లే కట్టింది. కడుపుతోని ఉంది. ఎడమ కాలు ఈడుస్తుంది."

అవతల ఎక్కడో కుక్కరు కూత వినబడింది.

"నీ బిడ్డ ఎట్ల పోయింది? కాన్పులనా?" అని అడిగాను.

చాలాసేపు ఆగింది. ఫోన్ తెగిపోయిందనుకున్నాను.

"జరం" అంది. "జరమొచ్చి పోయిందక్కా. కాన్పు కాదు."

నా గుండె మీది బరువు దిగింది. కాలు సంగతి అడిగితే, పుట్టుకతోనే అంది. పెళ్లిచీర తర్వాత ఇంకేమన్నా ఉందా అన్నాను. "ఉన్నది ఒకటి. అది పంప" అంది. ఇక వ్యాపారికి తెలియనివ్వనని, మిగిలిన రెండూ జాగ్రత్తగా ఉంచుతానని చెప్పాను. పెట్టేసే ముందు, చిన్నగా, అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది.

"ఒక్కపారి ఆ పిల్ల నడుస్తుంటే చూపెడ్తవా?"

కళ్లముందు నడిస్తే బతకనన్న మనిషే అడిగింది.

ఆ పిల్లకు ఏమీ చెప్పొద్దని మా కూతురు నన్ను బతిమాలింది. ఎనిమిదో నెల, భయపడితే ఏమన్నా అవుతుందంది. నేను వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాను. నీ ఒంటి మీదున్న చీర చచ్చిపోయిన పిల్లది, తల్లి పంపింది, జ్వరంతో పోయిందట, కాన్పులో కాదట. విప్పేస్తానంటే ఇప్పుడే ఇచ్చెయ్, నేను తీసుకుపోతాను. వంటింట్లో ఆమె మొగుడు చేస్తున్న పని ఆపి నిలబడిపోయాడు.

ఆ పిల్ల అంచు చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఎంత వయసండీ అని అడిగింది. నీ ఈడే అన్నాను. జ్వరమేనా అని అడిగింది. జ్వరమే అన్నాను. నిజంగా కాన్పు కాదు కదా అని మొగుడు అడిగాడు. తల్లి నోటితోనే చెప్పిందన్నాను. అప్పుడు ఆ పిల్ల ఊపిరి వదిలి, "అయితే ఉంచుకుంటానండి. ఇది విప్పితే నాకు ఇంకోటి కట్టుకోవడం రాదు" అంది.

మర్నాడు మధ్యాహ్నం గాలి తగ్గిన వేళ చూసి ఆమె ఇంటి ముందు సిమెంటు బాట మీద నడిపించాను. ఫోన్ నేను పట్టుకున్నాను. తెర మీద ఆ తల్లి మొహం సగమే కనబడింది, ఒక కన్ను, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు. పిల్ల గేటు వైపు నడిచింది, వెనక్కి వచ్చింది. ఎడమ కాలు సిమెంటు మీద రాసుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు నాకు వినబడుతోంది. ఫోన్‌లో కూడా వినబడిందనుకుంటాను, ఎందుకంటే అవతల ఆ కన్ను మూసుకుంది. చూడటం లేదు. వింటోంది.

పిల్ల తిరిగి నడిచేసరికి కన్ను తెరిచింది.

"ఎడమ దిక్కు కుచ్చిళ్లు రెండు వేళ్ల మందం పైకి పెట్టుకోమను. లేకుంటే మడమ కింద పడ్తది, బోర్లపడ్తది."

ఆ పిల్లకు వినబడింది. వంగలేక వంగి కుచ్చిళ్లు పైకి దోపుకుంది. మళ్లీ నడిచింది. చీర మడమకు తగల్లేదు.

"ఆ, గట్లనే" అంది తల్లి. అది మాతో అన్న మాటలా లేదు. రోజూ ఇంట్లో ఎవరితోనో అనే మాటలా ఉంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

తర్వాత వచ్చిన పెట్టెలన్నీ అడుగుదాకా వెతికాను, ఒక్కో చీరా విదిలించి చూశాను. ఆర్డర్ పెట్టనిది ఏదీ లేదు.

కాన్పు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఆ పిల్ల తల్లి విమానానికి ఇంకా వారం ఉంది. ఆస్పత్రిలో లోపలికి మొగుడు వెళ్లాడు, నేను బయట కూర్చున్నాను. సాయంత్రం మొదలైన నొప్పులు రాత్రంతా ఉన్నాయి. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అతను బయటికొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. మూడో రోజుకు ఇంటికి పంపారు. కారు దిగి గుమ్మందాకా నడిచింది. కాలు మామూలుగానే వేస్తోంది.

ఇంట్లో పసిదానికి కొన్న బట్టలు సంచుల నిండా ఉన్నాయి. ఏదీ విప్పలేదు. రాజమండ్రి నుంచి తల్లి ఫోన్‌లో గట్టిగా చెప్పిందట, పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట తగలనివ్వద్దు, పాత నూలు చీరలోనే వేయమని. అది మా వైపూ ఉంది. పసిఒంటికి అరిగిన నూలంత మెత్తన ఇంకేదీ ఉండదు.

"నా దగ్గరున్నవన్నీ ఇక్కడికొచ్చేటప్పుడు కొన్న కొత్త చీరలేనండి. పాతది ఇదొక్కటే" అంది ఆ పిల్ల. ఉతికి ఆరేసిన పచ్చ చీర నా చేతిలో పెట్టింది. నేనే నాలుగు మడతలు వేసి తొట్టెలో పరిచాను. నేనే పసిదాన్ని అందులో పడుకోబెట్టి అంచు మీదికి కప్పాను.

వంటింట్లోకి వచ్చి, బాలింతకు మిరియాల చారు పొయ్యి మీద పెట్టి, చీరలు పంపిన ఆ తల్లికి ఫోన్ చేశాను. ఇంతదూరం వచ్చాక చెప్పకుండా ఉండటం మర్యాద కాదనిపించింది. ఆడపిల్ల అన్నాను. ఇద్దరూ మంచిగున్నరా అంది. ఉన్నారన్నాను. ఎంతసేపు పట్టిందని అడిగింది.

"రాత్రంతా పట్టింది. తెల్లారంగ పుట్టింది."

"తెల్లారిందా" అంది. ఇంకోసారి, మెల్లగా, "తెల్లారిందన్నట్టు" అంది.

నేను ఊఁ అన్నాను.

"మా దానికి తెల్లారలేదక్కా."

 ఆ రోజు ఫోన్‌లో ఆమె ఎందుకంతసేపు ఆగిందో అప్పుడు తెలిసింది. నేను ముందు కడుపు సంగతి చెప్పి ఆ తర్వాత చావు సంగతి అడిగాను. నా మాటను బట్టి ఆమె జరమనే మాట వెతుక్కుంది.

"ఆ పిల్లకు చెప్పకు" అంది. చెప్పనన్నాను. పెట్టేసింది.

చారు పొంగి పొయ్యి మీద పడింది. కట్టేసి గదిలోకి వెళ్లాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి నిద్రపోతోంది. మొగుడు కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఇల్లు వెచ్చబరిచే హీట్ పంప్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తొట్టె దగ్గరికి వెళ్లి పచ్చ చీర తీసేద్దామని వంగాను. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉతికిన తెల్ల పంచె ముక్క ఒకటి నా నడుముకు దోపుకుని ఉన్నాను, దాన్ని వేద్దామని.

పసిది మేలుకునే ఉంది. ఏడవడం లేదు. చీర అంచు పిడికిట్లో పట్టుకుంది. ఆ వయసు పిల్లలు చేతికి ఏది తగిలితే అది పట్టుకుంటారు, నాకు తెలుసు. చిటికెన వేలు విప్పాను. ఉంగరపు వేలు విప్పాను. ఇంకో వేలు మీదికి వచ్చేసరికి మొదటి రెండూ మళ్లీ మూసుకున్నాయి.

ఇంకోసారి ప్రయత్నించలేదు. పంచె ముక్క పక్కన పెట్టి, మంచం కొసన కూర్చున్నాను. కదలికకు ఆ పిల్ల కళ్లు తెరవకుండానే, "ఏంటండీ అమ్మమ్మగారూ" అంది.

"ఏం లేదు బిడ్డా, పండుకో" అన్నాను.